రేపు పదకొండింటి వరకు చెల్లే వీలునామా

నేను, మేకల విక్టోరియా, కీర్తిశేషులు మేకల వెంకటయ్య గారి భార్యను, వయస్సు డెబ్బై రెండేళ్లు, రిటైరైన సోషల్ టీచరును, నాచారంలో మేమిద్దరం కట్టుకున్న ఇంటి ముందుగదిలో నివాసం ఉంటూ, మోకాళ్లు తప్ప మిగతా ఒళ్లంతా చెప్పిన మాట వింటుండగా, పూర్తి తెలివితో, జ్ఞాపకంతో, ఒకరు చెబితే కాకుండా నా అంతట నేను, నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. రేపు ఇంకొకదాని మీద సంతకం పెట్టబోతున్నాను. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

ఆ రెండోది నా కొడుకు ఆరోన్ టైపు చేయించాడు. రేపు సోమవారం పదకొండు గంటలకు ఉప్పల్ రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్లాటు కూడా తీసుకున్నాడు. శుక్రవారం అన్నం తింటూ నాకు చెప్పాడు. నేను వచ్చి సంతకం పెడితే చాలునట. మనిషి ఆఖరున రాసిన వీలునామాయే చెల్లుతుంది కాబట్టి ఈ కాగితానికి ఆయుష్షు రేపు పదకొండింటి వరకే. ఇప్పుడు కొడుకూ కోడలూ చర్చికి వెళ్లారు. నా మోకాళ్లు ఆటో కుదుపులకు తట్టుకోవని, నన్ను ఫోనులో ఆరాధన చూడమన్నారు. ఫోను దాని మానాన అది పాడుతూ ఉంది. నేను రాస్తున్నాను.

1. ఈ వీలునామా అమలు బాధ్యతను నా పాత విద్యార్థి, ఇప్పుడు ఉప్పల్‌లో వకీలుగా ఉన్న లక్ష్మీకాంత్‌కు అప్పగిస్తున్నాను. తొమ్మిదో తరగతిలో ఇతను, "అమెరికా వలసవాసులు బ్రిటిష్ పాలన పట్ల ఎందుకు అసంతృప్తి చెందారు?" అన్న ప్రశ్నకు "పన్నులు మస్తు ఎక్కువైనందుకు" అని ఒక్క ముక్క రాసి పెన్ను మూసేశాడు. నేను సున్నా వేశాను. ఎప్పుడు కలిసినా ఆ సున్నా సంగతి ఎత్తుతాడు. లక్ష్మీకాంత్, ఆ సున్నా తీయను. కారణం మూడో అంశంలో రాస్తున్నాను, ఈసారైనా పూర్తిగా చదువు. నా గోడ మీది ప్రపంచపటం మాత్రం నీకు ఇస్తున్నాను. దాన్ని చుట్టే కర్ర ఒక పక్క ఊడింది, బాగు చేయించుకో.

2. నాచారంలోని ఇల్లు, దాని కింద ఉన్న స్థలం, పెరట్లోని జామచెట్టు, బోరు, సమస్తం నా ఏకైక కుమారుడు ఆరోన్‌కు సర్వహక్కులతో ఇస్తున్నాను. అతని టైపు కాగితంలో కూడా అచ్చంగా ఇలాగే ఉంది. అందులో జామచెట్టు లేదు, అంతే తేడా.

ఇల్లని రాశాను గానీ, నేను పోయేనాటికి ఇల్లు ఉండదు. కూల్చి ఫ్లాట్లు కట్టడానికి బిల్డరుకు ఇచ్చేశాం. ఇచ్చేశాం అంటే, ఆరోన్ ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ నేను సంతకం పెట్టాను. క్రిస్మస్ దాటగానే ఖాళీ చేయాలి. పీర్జాదిగూడలో అద్దె ఫ్లాటు చూశారు. అందులో నా మంచం ఏ గోడకు వేయాలో కూడా అనుకున్నారు. వెంకటయ్య గారు లాలాగూడ వర్క్‌షాపులో డ్యూటీ దిగి వచ్చి, ఈ గోడలకు సాయంత్రాలు నీళ్లు పట్టేవారు. గోడ పచ్చిగా ఉన్నప్పుడు తడపకపోతే తర్వాత పగులుతుందని ఆయనకు మహా భయం. ఒక్క గోడా పగల్లేదు. బిల్డరు ఇప్పటికే తన వాచ్‌మన్‌ను మా వరండాలో దించాడు. వరండా మాది, వాచ్‌మన్ బిల్డరువాడు, అన్నం మాది. పాపం అతను మంచివాడే. కానీ పొద్దున్నే నా ఇంటి గడప దాటాలంటే అతని చాప దాటి వెళ్లవలసి వస్తోంది.

3. నేను బడిలో ఇచ్చుకుంటూ వచ్చిన ఒక జవాబును అందరికీ సమానంగా వదిలి వెళ్తున్నాను. మా ఊరి మిషను నర్సమ్మ మా అమ్మను మాటవరసకైనా అడగకుండా నాకు ఇంగ్లండు మహారాణి పేరు పెట్టింది. ఆ పేరు పెట్టుకుని బ్రిటిష్ వాళ్ల తప్పులు చెబుతుంటే పిల్లలు వెనక బెంచీలో నవ్వుకునేవాళ్లు. నవ్వనీ. నేను చెప్పింది ఇది.

వలసవాసుల మీద పన్నులు భరించలేనంత ఏమీ లేవు. ఇంగ్లండులో ఉన్నవాళ్లే వాళ్లకంటే ఎక్కువ కట్టేవారు. ఫ్రెంచివాళ్లతో యుద్ధం అయ్యాక ఖర్చులు మీదపడి, లండన్ పార్లమెంటు స్టాంపు చట్టం తెచ్చింది. పత్రికకు స్టాంపు, పేకముక్కలకు స్టాంపు, చివరికి కోర్టుకెక్కే వీలునామాకు కూడా స్టాంపు. మన దగ్గర వీలునామాకు తెల్లకాగితం చాలు, అంతవరకు నేను అదృష్టవంతురాలిని. ఆ పార్లమెంటులో వలసల తరఫున ఒక్క మనిషి లేడు. ఎందుకు లేడని అడిగితే, మీ మేలు కూడా మేమే ఆలోచిస్తున్నాం కదా అన్నారు. సైనికులను తెచ్చి వాళ్ల ఊళ్లలో దింపారు, బస చూపించమన్నారు. కొండల అవతలి భూముల్లోకి పోవద్దన్నారు. తర్వాత తేయాకు వచ్చింది. పిల్లలందరూ తప్పు రాసేది ఇక్కడే. ఆ కొత్త చట్టంతో తేయాకు ధర పెరగలేదు, తగ్గింది. చవకగా వచ్చిన తేయాకును తీసుకెళ్లి సముద్రంలో పోశారు. వాళ్లకు పిచ్చి పట్టలేదు. చవకా ఖరీదా అన్నది కాదు వాళ్ల బాధ. మా ఇంటి సంగతి మమ్మల్ని అడగకుండా తేల్చడానికి మీరెవరు అన్నది బాధ. యుద్ధం మొదలయ్యాక కూడా, మాకు మీతో కలిసి ఉండాలనే ఉంది, ఒక్కసారి మా మాట వినండని రాజుకు అర్జీ పంపారు. రాజు దాన్ని చేత్తో తీసుకోనేలేదు.

లక్ష్మీకాంత్, ఇప్పుడు చెప్పు, నీ జవాబుకు ఎన్ని మార్కులు వేయాలి?

4. నా స్టీలు టీ గ్లాసును నా కోడలు అరుణకుమారికి ఇస్తున్నాను. ఆమె నా టీ మానిపించి జీలకర్ర నీళ్లు అలవాటు చేసింది. షుగరు తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఒకరోజు ఎవరూ చూడకుండా ఆ నీళ్లు వాష్‌బేసిన్‌లో పారబోశాను. నేను చేసిన తిరుగుబాటు అంతే. మర్నాటి నుంచి నేను గ్లాసు ఖాళీ చేసేదాకా అరుణకుమారి పక్కనే నిలబడుతోంది. నాకు జ్వరం వస్తే నిద్ర మానుకుని నా దగ్గర కూర్చునేది కూడా ఆమే. అందుకే ఆమె మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకావడం లేదు. అరుణా, ఈ గ్లాసులో ఎప్పుడైనా అల్లం వేసి, చక్కెర వేసి, ఒక్క టీ తాగు. నా పేరు తలుచుకోనక్కర్లేదు.

5. వెంకటయ్య గారి పాటల పుస్తకం ఆరోన్‌కు. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని దాని అట్ట కొరికింది వాడే. పంటిగాట్లు ఇంకా ఉన్నాయి.

6. సాక్షుల గురించి. సాక్షి సంతకం చేసేవాళ్లకు ఆస్తి రాయకూడదని లక్ష్మీకాంత్ చెప్పాడు. అందుకని వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసే శాంతాబాయికి ఇవ్వదలచుకున్న నీలం చీర నిన్ననే ఇచ్చేశాను. పక్కింటి గోపాలరావు గారికి ఇవ్వడానికి నా దగ్గర ఒక ఫిర్యాదు తప్ప ఏమీ లేదు. ఆయన ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచి నేటివరకు స్కూటరు మా గేటుకు అడ్డంగా పెడుతున్నారు. ఎన్నిసార్లు చెప్పినా, "మనిషి పట్టేంత సందు ఉందిగా టీచరుగారూ" అంటారు. ఆ సందులోంచే ఇవాళ సంతకం పెట్టడానికి వచ్చారు. ఇల్లు కూల్చాక గేటూ ఉండదు, అడ్డమూ ఉండదు. అది తలుచుకుంటే స్కూటరు మీద కూడా బెంగగా ఉంది.

7. నా మనవరాలు జెన్నిఫర్‌కు ఏమి ఇవ్వాలో నేను నిర్ణయించలేదు. పోయినవారం ఆమె అదే పాఠం చదువుకుంటూ అదే ప్రశ్న నన్ను అడిగింది. మూడో అంశంలో రాసిందే ఆమెకు చెప్పాను. శుక్రవారం భోజనాల దగ్గర ఆరోన్ రిజిస్ట్రేషను సంగతి చెబుతుంటే, ఆ పిల్ల ముద్ద ఆపి వాళ్ల నాన్న వైపు చూసింది.

"డాడీ, నానమ్మని అడిగినవా?" అంది.

ఆరోన్‌కు కోపం రాలేదు. నిజంగా ఆశ్చర్యపోయాడు. "అమ్మకు మంచిదే గదరా జేస్తున్న. గిందుల అడిగేదేముంది?" అన్నాడు. అని, నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేశాడు. అది కూడా అడగలేదు. నేను తిన్నాను. అడిగిన పిల్ల తలవంచుకుంది, అడగవలసిన నేనూ తలవంచుకున్నాను.

అందుకని ఇవాళ పొద్దున జెన్నిఫర్‌ను పిలిచి అడిగాను, నా తర్వాత నీకేం కావాలి అని. నా మెడలోని గొలుసు అడుగుతుందనుకున్నాను. ఆమె మాత్రం, "నా పరీక్షలు అయ్యేదాక ఇల్లు కూలగొట్టొద్దని రాయి నానమ్మా. నీ రూమ్‌ల చదువుకుంటనే నాకు ఎక్కుతది" అంది. ఈ ఇంటికి కాగితాల మీద యజమానురాలిని నేను. అప్పటికే చర్చికి బయల్దేరిన ఆరోన్‌కు ఫోన్ చేశాను. బిల్డరుకు మాట ఇచ్చేశామని, పీర్జాదిగూడలో పిల్లకు వేరే గది ఉందని, నన్ను ఫికర్ చేయొద్దని చెప్పాడు. నా ఆస్తిలో నేను అడిగి మరీ ఇవ్వబోయినది ఇదొక్కటే, ఇదొక్కటే నా చేతిలో లేదు. జెన్నిఫర్ పేరు కింద ఈ చోటు ఖాళీగా వదిలేస్తున్నాను. గొలుసు ఆమెదే, కానీ ఆమె అడిగింది అది కాదు.

8. మరి రేపు వెళ్లకపోతే ఏమవుతుందని అందరూ అడగవచ్చు. లక్ష్మీకాంత్ ఫోనులో అదే అన్నాడు. "మీకు ఇష్టం లేకుంటే పోకున్రి టీచర్. ఎవ్వరేం జేస్తరు?" అన్నాడు. ఎవరూ ఏమీ చేయరు. అదే నాకు వచ్చిన చిక్కు. ఆరోన్ కేకలు వేయడు, అలగడు. వచ్చి నా మంచం మీద కూర్చుని, నా మోకాళ్లకు నూనె రాస్తూ, ఏమైందమ్మా అంటాడు. వాడు నన్ను ఏమీ దోచుకోవడం లేదు. అంతా వాడికే ఇస్తున్నాను, వాడూ అంతా తనకే రాయించుకున్నాడు, మా ఇద్దరి కాగితాలూ ఒకటే. వాడిది ఇంకా పద్ధతిగా ఉంది, కొలతలు, సర్వే నంబర్లతో సహా. నాకు కావలసింది ఒక్కటే, వాడు రాయించుకోకముందు నేను ఇచ్చి ఉండాలి. ఈ మాట వాడికి ఎలా చెప్పాలో ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకు తెలియడం లేదు.

వలసవాసులకు ఒక సదుపాయం ఉండేది. వాళ్లకూ వాళ్ల రాజుకూ మధ్య సముద్రం ఉండేది. నాకూ ఆరోన్‌కూ మధ్య ఒక కర్టెను ఉంది. వాడి గదిలో లైటు తీస్తే నా గదిలో చీకటి పడుతుంది. నా కాలిగోళ్లు కత్తిరించేది వాడే. గోళ్లు కత్తిరించే మనిషి మీద స్వాతంత్ర్యం ప్రకటించడం ఏ పాఠంలోనూ నేను చదవలేదు.

కాబట్టి రేపు వెళ్తాను. ఇస్త్రీ చీర కట్టుకుంటాను. ఆఫీసు మెట్ల దగ్గర ఆరోన్ నా చెయ్యి పట్టుకుంటాడు. లోపల అధికారి ఫోటో తీయించి, వేలిముద్ర తీసుకుని, రూలు ప్రకారం నన్నొక ప్రశ్న అడుగుతాడట, లక్ష్మీకాంత్ చెప్పాడు. "అమ్మా, ఇది మీ ఇష్టంతోనే రాస్తున్నారా?" అని. ఈ ఇంటి విషయం మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను ఆ మాట అడగబోయే పెద్దమనిషి ఆయన ఒక్కడే. నా పేరు కూడా కాగితంలో చూసి చదువుతాడు. ఆరోన్ పక్కనే నిలబడి, నా మందుల సంచి పట్టుకుని ఉంటాడు.

నేను, "అవును సార్" అంటాను.

ఆ జవాబుకు సున్నా అని నాకు తెలుసు.

ఇది నేను రాసి, చదువుకుని, కింది సాక్షులిద్దరి ఎదుట సంతకం చేసినది. రేపు పదకొండింటి వరకు ఇదే నా ఆఖరి మాట.

నాచారం, 2025 డిసెంబరు 7, ఆదివారం

(సంతకం) మేకల విక్టోరియా

సాక్షులు:
1. గోపాలరావు, పక్కిల్లు. ఆరో అంశం చదివి, వెళ్లి స్కూటరు తీసి పక్కన పెట్టి వచ్చి సంతకం చేశాను.
2. శాంతాబాయి. ఎడమచేతి బొటనవేలి ముద్ర.

జెన్నిఫర్ మైనరు కాబట్టి సాక్షిగా పనికిరాదు. అయినా చదువు వంకతో చర్చి మానేసి, రాసినంతసేపు నా పక్కనే కూర్చుంది.