జనని పంగు

ముత్తియాల్‌పేట, పుదుచ్చేరి
12-8-2006

చిరంజీవి జననికి నాన్న దీవెనలు.

ఇక్కడ నేను, అమ్మ, మన కుక్కపిల్ల బెల్లం, ముగ్గురం బాగున్నాం. మూడో పేరు కూడా కలిపి ఈ మాట రాయడానికే పది రోజులు ఆగాను. నెల్లూరులో నువ్వు వేళకు తింటున్నావా? బడిలో పిల్లలు నీ పాఠం వింటున్నారా, నీ అరవ యాస విని నవ్వుతున్నారా?

నీ ఉత్తరం మంగళవారం అందింది. మూడు ప్రశ్నలు వేసి, ఒక్కటీ దాటేయొద్దని కింద గీత కూడా గీశావు. టీచరమ్మవి కదా, వరుసగానే చెప్తాను.

మొదటిది బెల్లం కడుపు మీది కుట్ల సంగతి. నిన్ననే విప్పారు. ఆటోలో సారం పేటలోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరును చూసి బెల్లం నా చంకలో తల దూర్చింది. వచ్చేటప్పుడు మాత్రం తల బయటపెట్టి, ఊరేగింపు దేవుడిలా వీధంతా చూసుకుంటూ వచ్చింది. సాయంత్రం పిల్లిని తరిమింది కూడా. అది చూసి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

రెండోది డబ్బు. ఆపరేషన్‌కు తొమ్మిది వేలని డాక్టరు అంటే నేను జేబులు తడుముకున్నాను. 'ఆ కుక్క వంటింట్లోకొస్తే కాళ్లిరగ్గొడతా' అనే మీ అమ్మే ఇంటికి పరుగెత్తి, గ్రైండరు కొనాలని దాచిన చీటీ డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టింది. "గ్రైండరు యాడికి పోతాది? రోట్లో రుబ్బుకుంటా. ముందు దాన్ని లేపండయ్యా" అనింది. ఇప్పుడు రోజూ రుబ్బుతూ నన్ను తిడుతోంది. 

మూడోది, అది ఏం తినిందని. ఫోన్లో వీధిలో ఏదో తినిందని చెప్పాను. అది అబద్ధం తల్లీ.

నీకు ఉద్యోగం వస్తే ఆంజనేయుడికి వడమాల వేయిస్తానని మొక్కుకున్నాను కదా. నువ్వు వెళ్లాక ఒక శనివారం మొక్కు తీర్చి మాల ఇంటికి తెచ్చాను. మన ఇంట్లో ప్రసాదమంటే ఎవరి పంగు, ఎవరి వాటా వాళ్లకు పెట్టాల్సిందే. అమ్మకు, నాకు, పక్కింటి మునెమ్మత్తకు తలా ఒక ముక్క దారం తీయకుండానే కోసి, అలవాటు కొద్దీ నీకూ ఒక పంగు కోశాను. కోశాక గానీ నువ్వు ఇంట్లో లేవని గుర్తు రాలేదు. నీ పంగు నాలుగు వడలూ పట్టుకుని గడపలో నిలబడిపోయాను. బెల్లం వచ్చి తోకాడించింది. "ఇది జనని పంగు, నువ్వు తిను" అని దారంతో సహా దాని ముందు పెట్టేశాను. దారం కూడా మిగల్చకుండా మింగేసింది.

మర్నాటి నుంచి వాంతులు. నీళ్లు కూడా నిలవలేదు. ఎక్స్‌రేలో ఏమీ కనబడక డాక్టరు "ఏం పెట్టారు?" అని అడిగితే నేను నోరు మెదపలేదు. మీ అమ్మేమో మునెమ్మత్త ఏదో పారేసుంటుందని ఆమెను తిట్టిపోసింది. సిగ్గుతో ఒక పూటంతా ఊరుకున్నాను జననీ. బెల్లం లేవలేక లేవలేక వచ్చి నా పాదం మీద తల పెట్టింది. ఇక ఉండబట్టలేక, అమ్మ మందుల కొట్టుకు పోయినప్పుడు డాక్టరుకు చెప్పేశాను. దారం చిక్కుకుని, నాడా లాగిన పావడాలా పేగంతా ముడుచుకుపోయిందట. ఇంకో పూట ఆగి ఉంటే దక్కేది కాదన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను అన్నం తిననివ్వడం లేదు. అమ్మకు దారమని మాత్రమే తెలుసు. అది మునెమ్మత్త పారేసిన పార్సెల్ దారమేనని తీర్మానించి, ఆమెతో మాటలు మానేసింది.

ఇదంతా రాస్తుంటే మీ అమ్మ పక్కనే కూర్చుంది. తెలుగు అక్షరాలు రావు గదా అని నా ధీమా. "ఏందయ్యా, కాగితం నిండా రాస్తా ఉండావు? చదువు" అనింది. తప్పించుకోలేక మొత్తం చదివాను. తిట్లకు సిద్ధంగా కూర్చున్నాను. 

"మునెమ్మ కాడికి నేనే పోయి చెప్తాలే" అనింది. తర్వాత తల వంచుకుని, "దినమూ మొదటి దోసె జనని పంగని ఆ కుక్కకే ఏస్తా ఉండా నేను. అది కూడా రాయి" అనింది.

రాశాను. కోప్పడాలంటే ఉత్తరంలో వద్దు, సెలవు పెట్టి వచ్చి ఇద్దరినీ కోప్పడు.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూసే
నాన్న, ము. రాఘవన్