నానబెట్టని శనగలు

సెప్టెంబర్ 4, బుధవారం

గోధుమలు మూడు బస్తాలు దిగాయి. కందిపప్పు అయిపోవచ్చింది.

అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా గదిలోకి పోయి తలుపేసుకుంది. తొమ్మిదో తరగతి పిల్ల. నెలరోజులు వెంటపడి ప్రిన్సిపాల్‌ని ఒప్పించింది. బుధవారం ఒక్కరోజు క్యాంటీన్‌లో మాంసం, వేపుళ్లు మానేసి గింజలూ కూరగాయలూ పెడదామని, అది భూమికీ మంచిది, మన గుండెకీ మంచిదని స్టేజి ఎక్కి మాట్లాడింది. శనగలు నా కొట్టు నుంచే వెళ్లాయి. వండాల్సింది నా తోడల్లుడు. క్యాంటీన్ ఆయనది.

ఎనిమిది గంటలు నానాలని రెండుసార్లు చెప్పాను. ఆయన నానబెట్టలేదు. గులకరాళ్లలా ఉన్నాయట. పిల్లలు ముందు ఒకళ్ల మీద ఒకళ్లు విసురుకున్నారట, తర్వాత అందరూ కలిసి మా పిల్ల మీద. ఆయన గరిట పట్టుకుని నిలబడి, మా మరదలి కూతురు భూమిని కాపాడుతుందిరా, పళ్లు మాత్రం మీరే కాపాడుకోవాలి అన్నాడట.

సాయంత్రానికల్లా పేరు కూడా పెట్టేశారు. రాళ్లక్క.

ఇక నుంచి ఇందులో ఆయన అని రాయను. వాడు.

సెప్టెంబర్ 5

కొట్టు తెరిచాను, మూశాను. మధ్యలో పళ్లు నూరుకున్నాను.

సెప్టెంబర్ 7, శనివారం

అడిగేద్దామని క్యాంటీన్‌కి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే, మౌనిబాబా వేంచేశారు, కుర్చీ వేయండ్రా అన్నాడు. వంటవాళ్లు నవ్వారు. శనగల పక్కన కాపలా కూర్చోవడానికి నాకు వేరే పని లేదా తమ్ముడూ, మూకుడు పొయ్యి మీదుంటే పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు అన్నాడు. వచ్చేశాను. దారిలో నాలుగు మంచి జవాబులు తట్టాయి. 

సెప్టెంబర్ 19

స్కూల్లో పిల్లలకి రక్తపరీక్షలు చేశారు. అందరిలోకీ మా పిల్లకే కొలెస్ట్రాల్ ఎక్కువ. ఆకుకూరలూ పప్పులూ తప్ప ఇంకోటి ముట్టని పిల్లకి. ఆ సంగతి క్యాంటీన్ దాకా ఎలా పాకిందో పాకింది. ఉపన్యాసాలిచ్చేవాళ్ల ఒంట్లో నా మూకుడులోకన్నా ఎక్కువ నూనె ఉందిరోయ్ అన్నాడట.

పిల్ల అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టి లేచింది. ఇదీ వాడి ఖాతాలోనే.

సెప్టెంబర్ 23, సోమవారం

గుండె డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. పిల్ల తప్పేమీ లేదంది. తిండితో వచ్చింది కాదు, పుట్టుకతో, అమ్మానాన్నల రక్తంలోంచి వచ్చిందంది. మా ఆవిణ్ణి చెప్పులు విప్పమని మడమ వెనక నరం పట్టి చూసింది. లావుగా, ముడి పడినట్టు ఉంది. కొవ్వు పేరుకుంటే ఇలా అవుతుందంది. ఎన్నాళ్లుగా ఉంది అంటే, వయసులో ఉన్నప్పటినుంచీ ఉంది, మా అక్కకీ ఉండేది అంది మా ఆవిడ. అక్కంటే వాడి భార్య. అక్క ఎలా ఉందని అడిగింది. పోయింది, ముప్ఫై ఎనిమిదేళ్లకే, ఛాతీ నొప్పని కూర్చుని మళ్లీ లేవలేదు, పని ఎక్కువై పోయిందనుకున్నాం అంది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఆవిడకి పిల్లలున్నారా అంది.

ఒక్క కొడుకు. పదహారేళ్లు. స్కూలు రన్నింగ్ టీమ్‌లో కుర్రాడే ముందు. వెంటనే పరీక్ష చేయించమంది. ఈ వయసులో నొప్పీ అలుపూ ఏమీ తెలియదు, పరిగెత్తుతాడు, దూకుతాడు, లోపల పేరుకుంటూనే ఉంటుంది అంది. ఉంటే ఇప్పుడే మందు మొదలుపెట్టి తిండి మార్చాలి, అప్పుడు అందరిలాగే ముసలివాడవుతాడు. అశ్రద్ధ చేస్తే వాళ్లమ్మ దారే.

మా పిల్లకీ, వాళ్లమ్మకీ మాత్రలు రాసింది. నీ బుధవారం మెనూ మాత్రం మానకు, అది వారమంతా తిను అంది. పిల్ల ముఖంలో మళ్లీ కళ వచ్చింది.

బయటికి రాగానే మా ఆవిడ, బావ ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్నాను, ఇవాళే వెళ్లి మీరే చెప్పండి అంది.

సెప్టెంబర్ 24

చెప్పారా అంది మా ఆవిడ. చెప్పాను అన్నాను. ఏమన్నాడంది. చేయిస్తానన్నాడు అన్నాను.

వెళ్లనే లేదు. అబద్ధం ఇంత సులువుగా వస్తుందని ఇన్నాళ్లూ తెలియదు.

నేను చేయాల్సింది ఏమీ లేదు. చెయ్యెత్తక్కర్లేదు, మాట అనక్కర్లేదు. ఎవరూ నన్ను వేలెత్తి చూపలేరు. మౌనిబాబా అన్నాడుగా, మౌనంగానే ఉంటాను. కుర్రాడు పొద్దున్నా సాయంత్రం తినేది ఆ మూకుడులోదే. మిగతాది అదే చూసుకుంటుంది.

చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

సెప్టెంబర్ 27

నిద్ర బాగా పడుతోంది. రాసుకోవాల్సిన విషయమే.

అక్టోబర్ 9

ప్రాక్టీస్‌కి పోతూ కుర్రాడు కొట్టు దగ్గర ఆగాడు. బాబాయ్, చెల్లి నాతో మాట్లాడటం లేదు, నేను ఆ రోజు విసరలేదని చెప్పు అన్నాడు. నాన్న చూస్తుండగానే ప్లేటంతా తిన్నాను, దవడలు రెండు రోజులు నొప్పెట్టాయి అని నవ్వాడు.

మెట్టు మీద కూర్చుని బూటు లేసు కట్టుకున్నాడు. బూటు వెనక భాగం మడిచి తొక్కేశాడు. కొత్త బూట్లు ఎందుకురా పాడుచేస్తావు అన్నాను. మడమ దగ్గర ఒరుసుకుంటోంది బాబాయ్ అన్నాడు.

చూశాను. అదే ముడి.

వాళ్లమ్మ, మా వదిన, కూడా చెప్పుల వెనక పట్టీ అలాగే తొక్కేది. నేను అల్లుడిగా వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో అందరూ నన్ను ఏదో అడిగేవాళ్లు, నేను ఆలోచించేలోపు ఇంకో మాటలోకి పోయేవాళ్లు. ఆవిడ ఒక్కర్తే అడిగి, నేను జవాబు చెప్పేదాకా ఆగేది.

కుర్రాడు లేచి పరిగెత్తాడు. నేనేమీ అనలేదు.

అక్టోబర్ 10, మధ్యాహ్నం రెండు

లంచ్ బెల్ టైముకి కొట్టు మూసి క్యాంటీన్‌కి వెళ్లాను. పక్కకి పిలిచి చెప్పొచ్చు. పిలవలేదు. మా పిల్లని నవ్వులపాలు చేసిన చోటే చెప్పాలనుకున్నాను. మాట్లాడాలి అన్నాను. వాడే గరిటతో మూకుడు మీద కొట్టి, మౌనిబాబా పలుకుతున్నారు, అందరూ చెవులొగ్గి వినండి అన్నాడు. లైన్లో పిల్లలందరూ తిరిగారు.

చెప్పాను. మా వదిన పోయింది పనెక్కువై కాదని, అది రక్తంలో ఉన్న జబ్బని, మా పిల్లకి వచ్చింది అదేనని. నీ కొడుకు మడమ ఎప్పుడైనా చూశావా అన్నాను. రోజూ వాడికి ఏం పెడుతున్నావో మాత్రం చూసుకున్నావా అన్నాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

వాడు ముందు స్టవ్ ఆపాడు. తర్వాత లైన్లోకి చూశాడు. కుర్రాడు ప్లేటు పట్టుకుని అక్కడే ఉన్నాడు. నేను ముందు చూసుకోలేదు.

గెలిచాను. గెలిచినవాళ్లు తర్వాత ఏం చేస్తారో తెలియక, కొట్టుకొచ్చి తక్కెడ తుడిచాను.

అక్టోబర్ 11

వాడు మా ఇంటికి ఫోన్ చేసి, డాక్టరమ్మ ఎప్పుడు చెప్పిందని అడిగాడట. మా ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నా అబద్ధం బయటపడింది. మా అక్క కొడుకు ప్రాణం జేబులో వేసుకుని తిరిగారు అంది. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

పిల్ల అన్నం వడ్డించింది. వడ్డించి, పెదనాన్నకన్నా నిన్ను చూస్తేనే భయమేస్తోంది నాన్నా అంది.

అక్టోబర్ 21

కుర్రాడి రిపోర్టు వచ్చిందట. మా పిల్లకన్నా ఎక్కువ. మందు మొదలుపెట్టారు. పిల్ల చెప్పింది, గోడకి చెప్పినట్టు.

అక్టోబర్ 22

కొట్టు తెరవగానే వాడు వచ్చాడు. మౌనిబాబా అనలేదు. ఇంటికి, పిల్లాడి కోసం రెండు కిలోల శనగలు అన్నాడు. ఎన్ని గంటలు నానాలి తమ్ముడూ అని అడిగి, నేను జవాబు చెప్పేదాకా ఆగాడు.

ఎనిమిది గంటలు నానాలి. ఆరు చాలన్నాను.