తిమింగలం పిల్లకున్న పేరు

చిరంజీవి ఇతోకి అమ్మ దీవించి రాసేది. అందరం బాగున్నామని మొదట రాయాలట. నేను బాగున్నాను, కోళ్లు బాగున్నాయి. మీ అత్తగారి దగ్గు తగ్గిందా, పిల్లదానికి పళ్లొచ్చాయా, రాయి.

నువ్వు అడిగినవాటికి జవాబు. మోకాలు నొప్పి అలాగే ఉంది. నువ్వు పంపిన ఎండు పుట్టగొడుగులు గంజిలో వేసుకుంటున్నాను. కప్పు మీద గడ్డి ఇంకా మార్చలేదు. ఇక పోయిన తమ్ముడికి గుళ్లో ఏం పేరు పెట్టారని అడిగావు. పోయినవాళ్లకు గుడి పూజారి స్వామి పెట్టే కొత్త పేరు మన యసుకిచికి పెట్టలేదమ్మా. సమాధి రాయీ లేదు, ఒక్క అగరొత్తీ లేదు.

పడవ ప్రమాదంలో పోయాడని మాత్రమే నీకు కబురు చేశాను. తిమింగలం కనబడిందని వేటకెళ్లారు, చలికాలం వానలో పడవ ముందు నిలబడి ఈటె విసిరింది వాడే. నీళ్లలో తేలిన ఆ తెల్లటి వీపులో కండ లేదట, నెత్తురు లేదట. ఎముకల తిమింగలం. ఈటె పక్కటెముకల సందున దూరి ఇరుక్కుంది. ఈటెకు కట్టిన తాడు రెండో కొస వీడి కాలికి చుట్టుకుని నీళ్లలోకి లాక్కుపోయింది. మిగతావాళ్లు ఇళ్లకొచ్చి అన్నాలు తిన్నారు.

అది తీసుకుపోయినవాడి పేరు పలకకూడదన్న ఊరి కట్టు నీకు తెలుసు. పలికితే ఆ పిలుపు పట్టుకుని అది ఒడ్డుకొస్తుంది, వెనకే రోగమొస్తుంది. స్వామి కూడా నోరు మూసుకున్నాడు. పక్కింటావిడ ఒసేకి మొన్న నా ఎదురుగానే, "నీకున్నది ఒక్క కూతురే కదా వదినా" అంది. వాడికి ఈత నేర్పింది దాని మొగుడే.

కోసిన తల్లి తిమింగలాల కడుపులో దొరికిన పిల్లలకు మాత్రం కొండ మీద సమాధి ఉంది. ఒక్కోదానికి స్వామి పెట్టిన పేరుంది. ఏడాదికోసారి ఊరంతా వెళ్లి ఏడుస్తారు. పుట్టనిదానికి పేరుంది, నేను పాలిచ్చి పెంచినవాడికి లేదు.

ఇక దాచింది రాస్తున్నాను. ఈ ఏటి పూజలో స్వామి ఆ పిల్లల పేర్లు చదివి ఆగాడు. నేను లేచి "యసుకిచి" అన్నాను. మళ్లీ అన్నాను. ఆడవాళ్లు బిడ్డల చెవులు మూశారు. వలల పెద్ద గెన్‌బెయి నా చెయ్యి పట్టుకుని, "నీ ఒక్క కొడుకు కోసం ఊరంతా చావమంటావా అక్కా" అన్నాడు.

"వాడు పోయింది మీ అందరి తిండి కోసమేగా తమ్ముడూ. అప్పుడెవరూ ఈ మాట అడగలేదే" అన్నాను.

అది వస్తుందన్న భయంతో ఆ రోజు నుంచి పడవలు కదల్లేదు. నన్ను నూతి దగ్గరకు రానివ్వడం లేదు. ఒడ్డుకెళ్లి, అలాంటి కొడుకు నాకు లేడని సముద్రానికి చెప్పి రమ్మంటున్నారు. చెప్తే అన్నీ మామూలవుతాయట. చెప్పను. రానీ దాన్ని. వస్తే నా బిడ్డ ఎముకలు అందులో ఉన్నాయేమో వెతుక్కుంటాను.

పెద్దల పండక్కి నువ్వు రావద్దు, నీ మీద రాళ్లేస్తారు. మీది కొండల ఊరు, సముద్రం కనబడదు, అక్కడ భయం లేదు. గిన్నెలో అన్నం పెట్టి వాణ్ణి పేరుతో పిలువు. మెల్లగా కాదు. ఎవరే అని మీ అత్త అడిగితే, నా తమ్ముడని చెప్పు.

ఇట్లు,
యసుకిచి తల్లి, నీకూ తల్లి,
తామె