అత్త నోటికి తాళం

అక్టోబర్ 4

గుడిలో బౌద్ధ స్వాములకు అన్నం పెట్టడం అయ్యాక పెద్దస్వామి చల్లగా కబురు చెప్పారు. ఈసారి చీవరాల పండక్కి బ్యాంకాక్ నుంచి ఒక బస్సు వస్తోందట. స్వాములకు బట్టలు సమర్పిస్తారట. ఇన్ని తరాలు మలేషియాలో ఉండి కూడా థాయి మర్చిపోని మనం ఎలా మాట్లాడతామో వినిపోతారట.

అందరూ నా వైపే చూశారు. ఎందుకు చూడరు? పోయినసారి వచ్చిన గుంపులో ఒక పిల్ల ఉంది. నేను అన్నం తిన్నావా అని అడిగితే పగలబడి నవ్వింది. మళ్లీ అనండి ఆంటీ అంటూ వీడియో తీసింది. మా ముత్తవ్వల నాటి యాస వాళ్లకి నాటకంలో ముసలమ్మ మాటలా వినిపిస్తుందట. ఆ వీడియో ఊళ్లు తిరిగి తిరిగి చివరికి మా తోడికోడలి ఫోన్‌కే వచ్చింది.

ఈసారి ఒక్కరు కూడా నవ్వకూడదు. నేను చూసుకుంటానని లేచి నిలబడి మరీ చెప్పాను.

అక్టోబర్ 6

గుడి హాల్లో రిహార్సల్. టీవీ సీరియళ్లే మాకు గురువులు. బ్యాంకాక్ యాస మా అందరికీ చెవుల్లో ఉంది, నోట్లోకి రావడమే ఆలస్యం. ఆడవాళ్లు తొందరగా పట్టేశారు.

మా ఆయన దిన్ మాత్రం సీరియల్లో విలన్ మాటలే నేర్చుకున్నాడు. టీ తీసుకోండి అంటే ఆస్తి రాసిచ్చి బయటికి నడవమన్నట్టుంది. మార్చుకో అంటే, నాకు వాడొక్కడే నచ్చాడే, ఏం చెయ్యమంటావ్ అంటాడు.

అక్టోబర్ 9

మా అత్త రిహార్సల్‌కి రానంది. ఎనభై దాటిన నోరే ఇది, ఇప్పుడు కొత్త నాలుక కుట్టించుకోమంటావా అంది. పైగా, పాము పడగలాగా ఆ తల ఊపడమేంటే మాట్లాడేటప్పుడు, మెడ పట్టేసిందా అని నన్నే వెక్కిరించింది.

చివరికి ఒప్పందం కుదిరింది. బస్సు ఉన్నంతసేపూ అత్త వంటింట్లో కొబ్బరి కోరుకుంటుంది, నోరు తెరవదు. సరేలే తల్లీ, తాళం వేసుకుంటాను అంది. అత్త అంత తేలిగ్గా ఒప్పుకుంటే నాకు అనుమానం రావాలి. సంబరంలో రాలేదు.

అక్టోబర్ 12

రాత్రి కలలో కోడిని కూడా టీవీ యాసలోనే తరిమాను.

అక్టోబర్ 17, మధ్యాహ్నం

వచ్చారు. ఎవరూ నవ్వలేదు. ఇల్లిల్లూ తిరిగి తిన్నారు. మా బుడు చేపల పచ్చడికి ముక్కు మూసుకున్నవాళ్లే రెండోసారి వడ్డించుకున్నారు. మా ఆయన టీ ఇస్తే ఒకాయన భయపడి రెండు చేతులతో అందుకున్నాడు. మీరు అచ్చం మాలాగే మాట్లాడుతున్నారే అని వాళ్ల నాయకుడు మెచ్చుకుంటే నాకు ఏనుగెక్కినట్టుంది.

ఒక్కావిడే అర్థం కాలేదు. రంఫాయి గారు. డెబ్బై ఏళ్లుంటాయి. ఏ ఇంట్లోనూ సరిగా తినలేదు. కూర్చుంటుంది, కాసేపు వింటుంది, లేచి పక్కింటికి వెళుతుంది. నా దగ్గరికొచ్చి, మీలో మీరు కూడా ఇలాగే మాట్లాడుకుంటారా అమ్మా అని అడిగింది. పుట్టినప్పటినుంచీ ఇంతేనండీ అన్నాను గర్వంగా. అలాగా, మంచిదే అని తన చెప్పుల వైపు చూసుకుంది.

అక్టోబర్ 17, చీకటి పడ్డాక

ఇది ఇవాళే రాయాలి.

సాయంత్రం పొలాలు చూపిస్తుంటే రంఫాయి గారు గట్టు మీద జారి బురద మడిలో పడింది. దెబ్బ తగల్లేదు. కానీ బాగా దడుచుకుంది. మొహం పాలిపోయింది, పిలిస్తే పలకదు. ఆస్పత్రికి తీసుకెళదాం అని వాళ్ల నాయకుడు. వెళుదురుగాని, ముందు ఖ్వాన్‌ని పిలవాలి అని మేము. దడుచుకున్న మనిషిలోంచి ఖ్వాన్ బయటికి దూకేసి పడిన చోటే ఉండిపోతుంది. పొద్దు వాలకముందే పిలుచుకోవాలి, లేకపోతే మనిషి ఇంటికొస్తుంది, ప్రాణం పొలంలోనే ఉంటుంది.

సరే, ఎవరు పిలవాలి? బ్యాంకాక్ వాళ్ల ఎదుట మా యాసలో ఎలా? మా ఆయన ధైర్యం చేసి టీవీ యాసలో పిలిచాడు. ఆ గొంతుకి ఉన్న ఖ్వాన్ కూడా పారిపోయేలా ఉంది. అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచాను. ఆ వీడియో గుర్తొచ్చింది. మళ్లీ మూసేసుకున్నాను.

అంతలో అత్త. ఎవరు చెప్పారో, కొబ్బరి చేతులతోనే గరిటె, గుప్పెడు బియ్యం, తెల్లదారం పట్టుకుని గట్టు దిగి వస్తోంది. నన్ను భుజంతో పక్కకి నెట్టి మడిలో దిగింది. బియ్యం చల్లి మొదలుపెట్టింది, మా మాటలో, ఊరంతా వినేలా.

ఏమే పిల్లా, ఇక్కడేం చేస్తున్నావే, బురదలో ఏం పనే నీకు, జలగలతో చుట్టరికమా? అన్నం చల్లారిపోతోంది, చేప పిల్లి పాలవుతోంది, మీ అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, రావే, రా తల్లీ, ఇంటికి రా.

ఖ్వాన్‌ని తోడుకున్నట్టు గరిటెతో ముంచి రంఫాయి గారి నడినెత్తిన వంచింది. మణికట్టుకి దారం కట్టింది.

రంఫాయి గారు చిన్నపిల్లలా భోరుమంది. చంపేశావు కదత్తా అనుకున్నాను. అప్పుడు ఆవిడ పలికింది, మా మాటలోనే, తడబడుతూ. వచ్చానమ్మా, వచ్చేశాను అంది. పిలుపుకి ఆ జవాబే చెప్పాలి. మేము నేర్పలేదు.

ఇంటికొచ్చి వేడినీళ్లు పోసుకున్నాక చెప్పింది. వాళ్లమ్మ మన ఏటికవతలి పిల్లేనట. బ్యాంకాక్‌కి కాపురానికి వెళ్లింది. పైవాళ్ల ముందు ఈ మాట మాట్లాడేది కాదు, కూతురికి జ్వరం వస్తే మాత్రం ఇలా పిలిచేది. కూతురు బడికెళ్లే వయసులో ఉండగానే ఆ తల్లి పోయింది. మొహానికి ఫొటో ఉంది, గొంతుకి ఏమీ లేదు. చచ్చేలోపు ఒక్కసారి ఆ మాట వినాలని బస్సెక్కానమ్మా, పొద్దున్నుంచీ ఏ ఇంటికెళ్లినా మా టీవీయే మాట్లాడుతోంది అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది. అత్త మాత్రం నవ్వలేదు, నేనేం తాళం తియ్యలేదే, అదే ఊడిపోయింది అంది.

అక్టోబర్ 18

చీవరాలు సమర్పించారు. గుడిలో అందరం ఒక్కసారిగా మా మాటలో అరుచుకున్నాం, పోట్లాడుకున్నాం, వడ్డించుకున్నాం. నోటికి పండగ. అన్నం తిన్నారా అని అడిగితే ఒక కుర్రది కిసుక్కుమంది. నవ్వుకో తల్లీ, నవ్వితే ఇంకో ముద్ద పడుతుంది అన్నాను. నొప్పి లేదు. వెతికాను, నిజంగానే లేదు.

బస్సు వెళ్లిపోయింది. రంఫాయి గారు వెళ్లలేదు.

అక్టోబర్ 22

వంటింట్లో అత్త ఆవిణ్ని తిడుతోంది. అంత మందంగా కోరితే పాలొస్తాయటే, మీ అమ్మ ఏం నేర్పిందే నీకు అని. ఆ తిట్లు ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. కొబ్బరి మందంగానే కోరుతోంది, కావాలనే.

నవంబర్ 9

రంఫాయి గారు ఊరెళ్లినప్పటినుంచీ రోజూ సాయంత్రం బ్యాంకాక్ నుంచి ఫోన్. అత్త హలో అనదు, తిట్లతోనే ఎత్తుకుంటుంది. ఇవాళ అటునుంచి ఎదురు తిట్టు వచ్చింది. అత్త ఫోన్ పెట్టేసి, మా పిల్ల తిరిగి తిట్టిందే అని వీధంతా చెప్పుకొచ్చింది.