గత్తర సూది

కరీంనగర్ జిల్లా, 1958 ఆగస్టు

వైద్యాధికారి గారికి ఈ ఊరి బడిపంతులు నమస్కరించి రాసుకుంటున్నది.

మీరు పంపిన కంపౌండరు నిన్న సూదిమందుతో వచ్చాడు. మొదట ఊళ్లో ఒక్కరూ చేయి చాపలేదు. కిందటి నెల నలుగురు చనిపోయినప్పుడు కలరా, మా ఊరివాళ్లు గత్తర అనేది, ఆ మాట బయటికి రానివ్వొద్దని, అజీర్తి అని చెప్పమని మీరు ఆజ్ఞాపించారు. నేను అలాగే చెప్పాను. నా మాట నమ్మి జనం అదే వాగు నీళ్లు తాగారు. మరో ఏడుగురు పోయారు.

పోసవ్వ కొడుకు వాళ్లలో ఒకడు. నిన్న ఆమె మమ్మల్ని గడపలోనే ఆపింది.

"అజీర్తికి సూదెందుకు సారూ? గప్పుడు అబద్ధమాడిన నోరు గిప్పుడు నిజం చెప్తదని ఎట్ల నమ్మాలె?"

"అది గత్తరే అవ్వా. నాకు ముందే తెలుసు" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. కోడలిని పిలిచింది. "సూది ఏయించుకో బిడ్డా" అంది. తాను మాత్రం వేయించుకోలేదు.

ఈ పొద్దున దండోరా వేయించి ఊరందరికీ నిజం చెప్పాను. ఆజ్ఞ మీరినందుకు ఉద్యోగం తీసేసినా సరే. బడి ముందు జనం నిలబడ్డారు, మందు అయిపోయింది. వెంటనే పంపండి.