గువ్వ గిన్నె

ఆదివారం, ఫిబ్రవరి 16
లేడీస్ హాస్టల్ వంటగది

టైలరమ్మగారికి నమస్కారాలు. మీరూ మీ ఆయనా మీ కుట్టుమిషనూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను లేస్తున్నాను, వండుతున్నాను, పడుకుంటున్నాను. అంతకుమించి చెప్పుకోవడానికేం లేదు. నా చదువు నాలుగో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మీ ఉత్తరం మంగళవారం అందింది. వార్డెనమ్మ చదివి పెడతానంది గానీ వద్దన్నాను. నేనే కూడబలుక్కుని చదివాను. నా పిల్ల కబుర్లు ఇంకొకరి నోటినుంచి వినడం ఈ ఏడు నెలల్లో చాలా అయింది.

మీ వరండాలో భోజనాల కౌంటర్ పెడుతున్నామన్నారు. మీ మేడ మీద గదిలో అద్దెకున్నప్పుడు మా అమ్మాయి ఆదివారం ఆదివారం చేసిన ఆ మెక్సికన్ చికెన్ రైస్ గిన్నెనే అక్కడ పెడతామన్నారు. బోర్డు మీద 'గువ్వ గిన్నె' అని రాయించుకోవడానికి నా అనుమతి కావాలన్నారు. గువ్వ అని నా పిల్లకి పేరు పెట్టింది నేను. పుట్టినప్పుడు నా రెండు అరచేతుల్లో పట్టేసింది. ఆ పేరు మీ వీధిలో వాళ్ళందరికీ తెలుసని మీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు.

అనుమతి ఇవ్వను. నాన్చకుండా ముందే చెప్పేస్తున్నాను.

మీరు రాసిన ఒక్కొక్క ముక్కా చదువుతుంటే నా కడుపులో లేచిన మంటకి మీ చికెన్ ఉడికిపోయేది. కళ్ళద్దాల షాపులో ఆరు రోజులు అద్దాలు అరగదీసి, ఏడో రోజు మీ పొయ్యి దగ్గర కూనిరాగాలు తీస్తూ వండేదట. మీకు నిమ్మకాయ ఎక్కువ పిండాలని దానికి తెలుసట. మీ ఆయన పచ్చి ఉల్లిపాయ ముట్టడని ఆయన గిన్నెలో మొక్కజొన్న గింజలు ఇంకో గుప్పెడు వేసేదట. ఆయన తినడానికి ఆలస్యం చేస్తే, కోడలొచ్చాక నా వంట నీకెక్కడ నచ్చుతుంది బాబాయ్, వేడిగా ఉన్నప్పుడే కానివ్వు అని మొట్టికాయ వేసినంత పని చేసేదట. ఆయనేమో, ముందు నువ్వు పెళ్ళి చేసుకో గువ్వా, మీ ఆయనకి పెట్టుకుందువుగాని అనేవారట.

ఆయన బాబాయి, మీరు పిన్ని. బంధుత్వాలన్నీ బాగానే కుదిరాయి. నాకు మాత్రం వారానికోసారి ఫోను. తిన్నావా అంటే తిన్నా అనేది. ఏం తిన్నావంటే ఏదో ఒకటిలే అమ్మా అనేది. ఆ ఏదో ఒకటి ఇదన్నమాట.

జ్వరం వచ్చిన ఆఖరి మూడు రోజులూ తడిగుడ్డ వేసింది మీరే. ఆసుపత్రిలో దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నది మీరే. నేను బస్సు దిగేసరికి పట్టుకోవడానికి ఆ చేతిలో వెచ్చదనం లేదు. మీరు చేసింది సొంతవాళ్ళు కూడా చెయ్యరు, నాకు తెలుసు. అయినా మీ పేరు తలుచుకుంటే దండం పెట్టాలనిపించదు, కుళ్ళు పుడుతుంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఇంక వంట సంగతి. ఇది మా అమ్మ నేర్పిన వంట అని అది మీతో అన్నదని మీరే రాశారు. మరి నేర్పింది నేనైతే వంట నాది. రెండొందల మంది ఆడపిల్లలకి మూడు పూటలా వండే చెయ్యి ఇది. నా వంటని మీ బోర్డుకెక్కించడానికి నేనెందుకు ఒప్పుకుంటాను?

మీ పద్ధతి కాగితం మీద రాసి, సరిగా ఉందో లేదో చూడమన్నారు. తప్పులే ఉన్నాయి. చికెన్ ముక్కలకి కారం, జీలకర్ర పొడి, వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి గంట ఉంచాలన్నారు. గంట ఏం సరిపోతుంది? పూటంతా ఉంచాలి. అన్నం వార్చి వేడి మీదే కొత్తిమీర, నిమ్మరసం కలపాలన్నారు. చల్లారాక కలపాలి. మొక్కజొన్న గింజలు నూనె లేకుండా పెనం మీద వేయించాలన్నారు. నూనె లేకుండా వేయించడమేమిటి, అవేమైనా వేరుశనగలా? రాజ్మా ఉడికించి చిదమొద్దన్నారు, చిదమాలి. పైన చిక్కటి పెరుగు వెయ్యాలన్నారు. ఆ ఒక్కటీ సరిగా రాశారు.

ఇన్ని తప్పులు పెట్టుకుని నా బిడ్డ పేరుతో గిన్నెలు అందించొద్దు. కావాలంటే మీ పేరు పెట్టుకోండి. దాని పేరు మాత్రం నాకు వదిలెయ్యండి. నా దగ్గర మిగిలిందే అది.

ఇట్లు,
గువ్వను కన్నతల్లి

తాజా కలం, సోమవారం: చెల్లెమ్మా, అంటించిన కవరు చింపి ఇది రాస్తున్నాను.

మీ కాగితంలో తప్పులు నిరూపించాలని నిన్న మధ్యాహ్నం దాన్ని ముందు పెట్టుకుని, అక్షరం తప్పకుండా మీ పద్ధతిలోనే వండాను. గంట సరిపోయింది. అన్నీ కుదిరాయి. గిన్నె ముందు కూర్చున్నాక అబద్ధం మింగుడుపడలేదు.

ఆ వంట నేను నేర్పలేదు. దాన్ని పొయ్యి దగ్గరకే రానిచ్చేదాన్ని కాదు. జరుగు, చెయ్యి కాల్చుకుంటావు అనేదాన్ని. కిందటేడు వచ్చినప్పుడు సంచి నిండా సామాను తెచ్చింది. ఫోనులో చూసి నేర్చుకున్నానే అమ్మా, ఒక్క పూట నువ్వు కూర్చో, నేను పెడతా అంది. రెండు గిన్నెల్లో అన్నం ఒక పక్క, చికెన్ ఒక పక్క, గింజలు ఒక పక్క, దేన్నీ ఇంకోదానికి తగలకుండా సర్దింది. నా కంటికది సగంలో ఆపేసిన వంటలా ఉంది. అది చేతులు కడుక్కుని వచ్చేలోపు రెండు గిన్నెలూ బాండీలో బోర్లించి, ఇంత మసాలా కొట్టి, గరిటెతో తిప్పేశాను. సాయం చేశాననే అనుకున్నాను. అది గుమ్మంలో నిలబడి చూసింది. ఇప్పుడు వంటలా ఉందే అన్నాను. బాగుందమ్మా అని నాలుగు ముద్దలు తిని లేచింది. ఆ తర్వాత నా ఇంట్లో మళ్ళీ వండలేదు.

అయినా మీ దగ్గర నా పేరే చెప్పింది. నా పరువు కాపాడిందో, నేను నేర్పితే బాగుండునని అనుకుందో, నాకు తెలియడం లేదు. రాత్రనకా పగలనకా అదే ఆలోచిస్తున్నాను.

బోర్డు మీద దాని పేరు రాయించండి. అక్షరాలు పెద్దవిగా రాయించండి. అమ్మ నేర్పింది అని మాత్రం ఎవరితోనూ అనకండి.

వచ్చే ఆదివారం నాకు సెలవు. మీ ఇంటికి వస్తాను. మీరు వండిపెట్టండి చెల్లెమ్మా. నేను కూర్చుంటాను.