పేళ్లు పైనే పరచాలి

నాన్నా,

చిక్కుడు మడికి నీళ్లు పెట్టాలి. నీళ్లు ఇంకిన తర్వాత వడ్రంగి షెడ్డు వెనక కుప్పలోంచి, చిత్రిక పడితే రాలిన చెక్క పేళ్లు నాలుగు బుట్టలు తెచ్చి మడంతా నాలుగు వేళ్ల మందాన పరచాలి. మొక్కల మొదళ్ల చుట్టూ బెత్తెడు ఖాళీ వదలాలి. ప్లైవుడ్ ముక్కలుంటే ఏరి పారెయ్యి, వాటిలో జిగురుంటుంది.

నీ చేయి ఊరుకోదని తెలుసు, పార మాత్రం ముట్టుకోకు. పేళ్లు పైన ఉంటే తడి ఆరదు, అడుగు నుంచి మెల్లగా మాగి ఎరువవుతాయి. లోపల కలిపితే వాటిని కుళ్లబెట్టడానికే మట్టిలో బలమంతా అయిపోతుంది, మొక్కకు మిగలదు. ఈసారి వంగ మడిలో పైనే వేసి చూసి మరీ చెబుతున్నాను.

కిందటేడు చిక్కుడు మడిలో పేళ్లు కలపమన్నదీ నేనే. "డిగ్రీ చదివిన పిల్ల చెప్పింది, ఇంకేం కావాలి!" అంటూ తవ్వేశావు. ఆకులు పాలిపోతే, "విత్తనానికి పుచ్చు గింజలు దాచావమ్మా" అని నాయనమ్మ మీద పడ్డావు. నాకప్పటికే అనుమానం వచ్చింది. ఇంట్లో మొదటి డిగ్రీ నాదే కదా, తప్పు ఒప్పుకోవడం నామోషీ అనిపించి నోరు మెదపలేదు. ఆ రోజు నుంచి ఆవిడ పెరట్లో అడుగు పెట్టలేదు.

ఇప్పుడు మడిలో మొలిచినవి ఆవిడ డబ్బాలో మిగిలిన గింజలే. ఒక్కటీ పోలేదు. తప్పు నాదని పొద్దున ఆవిడకు చెప్పాను. "నాకు తెలుసులేవే" అంది.

బస్సు టైమైంది, వెళ్తున్నాను. శనివారం వస్తాను.

తా.క.: పేళ్లు పరిచే ముందు ఆవిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మొలకలు చూపించు. నేను చెప్పిన కొలతలు మర్చిపోయినా ఫర్వాలేదు, నాయనమ్మను మాత్రం మర్చిపోకు.